మానిటర్ చూడొద్దన్న సిస్టర్

"ముందు ఆ చెయ్యి తియ్యండి!"

ఐసీయూలో అంత గట్టిగా ఎవరూ మాట్లాడరు. అతను ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెంటిలేటర్ కీచుమని మొత్తుకుంటుంటే అలారం ఆపబోయాడు, అంతే. అతనికది పళ్ళు తోముకోవడం లాంటి పని. పై అంతస్తులో గుండె జబ్బుల ఐసీయూలో ఏళ్ళ తరబడి నర్సుగా చేస్తున్నవాడు మరి.

"నేనూ ఇక్కడి స్టాఫే సిస్టర్."

"పై ఫ్లోర్లో. ఇక్కడ మీరు పేషెంటు కొడుకు. కొడుకులు అలారాలు ఆపరు బ్రదర్, కుర్చీలో కూచుంటారు."

అదేం ఖర్మో, ఆస్పత్రుల్లో మగ నర్సుని బ్రదర్ అనే పిలుస్తారు. ప్రేమ కథ మొదలవడానికి ఇంతకన్నా చెడ్డ పిలుపు దొరకదు. ఏం చేస్తాం, మొదలైంది.

బెడ్ మీద అతని అమ్మ. పేగుకి చిల్లు పడితే అర్జంటుగా ఆపరేషన్ చేశారు. తర్వాత ఊపిరి అందక నోట్లో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. జ్వరం తగ్గింది, బీపీ నిలబడింది, మత్తుమందు కూడా ఆపేశారు. గొట్టం ఒక్కటే బయటికి రానని భీష్మించుకుంది. మెషీన్ సాయం తగ్గించడం, ఆవిడకి ఎగశ్వాస రావడం, మళ్ళీ సాయం పెంచడం. రెండుసార్లు అదే తంతు. ఇవాళ కూడా కాకపోతే రేపు మెడకి రంధ్రం చేసి గొట్టం అక్కడ పెట్టాల్సిందేనని డాక్టరమ్మ చెప్పేసింది.

ఆ మాట విన్నప్పటినుంచి అతనికి ముద్ద దిగడం లేదు. అలాంటి రంధ్రాలకి తనే ఎన్నోసార్లు డ్రెస్సింగ్ చేశాడు. భయపడకండి, మంచికేనని బంధువులకి ధైర్యం చెప్పిందీ తనే. ఆ ధైర్యం ఇప్పుడు తనకే అక్కరకు రావడం లేదు.

డాక్టరమ్మ రౌండ్స్‌కి వచ్చే ముందు సిస్టర్ అతన్ని కారిడార్లోకి పిలిచింది.

"ఒకటి అడుగుతాను. కోపం తెచ్చుకోరుగా?"

"ఇందాక తిట్టేటప్పుడు ఇలాగే అడిగారా?"

ఆమె నవ్వు ఆపుకుంది. బుగ్గ మీది సొట్ట మాత్రం మాట వినలేదు.

"మీరు లోపలికి రాగానే ముందు ఏం చేస్తారు?"

"అమ్మని చూస్తాను."

"అబద్ధం. మానిటర్ చూస్తారు. తర్వాత వెంటిలేటరు, తర్వాత సెలైను, తర్వాత యూరిన్ బ్యాగు. అమ్మగారి వంతు వచ్చేసరికి విజిటింగ్ టైమ్ అయిపోతుంది."

అతనికి ఒళ్ళు మండింది. "అవి చూడకపోతే నేను నర్సునెలా అవుతాను?"

"ఆవిడ మాత్రం మిమ్మల్నే చూస్తున్నారు. మీరు మొహం చిట్లిస్తే చాలు, ఊపిరి వేగం పెరిగిపోతోంది. రెండుసార్లూ మీరు పక్కన ఉన్నప్పుడే ఇలా అయింది. మీ మొహం చూసి, ఇక తన పని అయిపోయిందనుకుంటున్నారావిడ."

ముందు మనిషిని చూడు, తర్వాత మెషీన్ని చూడు. కొత్తగా చేరిన నర్సులకి అతను చెప్పే మొదటి పాఠం అదే. గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

"అయితే నన్ను రావద్దంటారా?"

"రండి. మానిటర్ సంగతి నేను చూసుకుంటాను. మీరు అటు తిరక్కుండా అమ్మతో కబుర్లు చెప్పండి."

డాక్టరమ్మ మెషీన్ సాయం తగ్గించి పక్క బెడ్ దగ్గరికి వెళ్ళింది. సిస్టర్ కుర్చీ తిప్పి వేసింది. అతను అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు చల్లగా ఉన్నాయి. మెడ దానంతటదే వెనక్కి తిరగబోయింది.

"ఊహూఁ," అంది సిస్టర్ వెనకనుంచి.

"అమ్మా... నీ ఆక్సిజన్ సాచురేషన్ బాగానే ఉంది..."

"ఇంటి కబుర్లు!"

ఇల్లు చూసి ఎన్నాళ్ళయిందని? చెప్పడానికి ఇక నిజం ఒక్కటే మిగిలింది.

"అమ్మా, ఈ సిస్టర్ నన్ను అందరి ముందూ కడిగిపారేసింది. కోపం వచ్చింది గానీ నిలవలేదే. రోజూ నీకు తల దువ్వుతూ ఏవో చెబుతుంటుంది చూడు, అవి వినడానికి తలుపవతల నిలబడుతున్నాను. పెళ్ళి పెళ్ళి అని నా ప్రాణం తీసేదానివిగా? నాకీ అమ్మాయి నచ్చింది. తనకి నేను నచ్చానో లేదో తెలీదు. అడగాలంటే భయం. నువ్వు లేచి అడిగిపెట్టాలి."

అనేశాక గానీ ఆ అమ్మాయి తన వెనకే ఉందని గుర్తు రాలేదు. చెవులు వేడెక్కిపోయాయి. తిరిగి చూద్దామంటే మానిటర్ ఉంది, మానిటర్ పక్కన ఆమె ఉంది. 

అమ్మ కళ్ళు అతన్ని దాటి వెళ్ళి, అక్కడేం కనబడిందో గానీ, మెరిశాయి. నోట్లో గొట్టంతో నవ్వడం కుదరదుగా, అందుకని కళ్ళతోనే కానిచ్చేసింది. అతని చేతిలో ఆవిడ వేళ్ళు బిగుసుకున్నాయి. తర్వాత అతను ఏదేదో వాగుతూనే ఉన్నాడు, ఆవిడ వింటూనే ఉంది.

"శ్వాస నిలకడగా ఉంది డాక్టర్ గారూ," అంది సిస్టర్ చాలాసేపటికి.

డాక్టరమ్మ ఛాతీ విని, దగ్గించి చూసి, గొట్టం తీసేసింది. అమ్మ ఉక్కిరిబిక్కిరిగా దగ్గి, ఆక్సిజన్ మాస్కులో సొంతంగా ఊపిరి తీసుకుంది. అతను చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

గొట్టం తీశాక ఐసీయూలో కొందరు పొంతన లేని మాటలు మాట్లాడతారు. అందుకే కాసేపాగి డాక్టరమ్మ ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఎక్కడున్నారమ్మా?"

"ఆస్పత్రిలో." గొంతు బొంగురుపోయింది.

"ఈయనెవరు?"

"నా కొడుకు. పిరికి వెధవ."

"మరి ఈవిడ?"

అమ్మ సిస్టర్ని ఎగాదిగా చూసింది. "కోడలు."

డాక్టరమ్మ మొహం వాడిపోయింది. "అయ్యో, కొంచెం కన్ఫ్యూజన్ ఉన్నట్టుందే. సిస్టర్, ఓ కన్నేసి ఉంచండి."

అతను తలెత్తలేకపోయాడు. సిస్టర్ అమ్మ దుప్పటి సర్దింది, సర్దిన దుప్పటినే మళ్ళీ సర్దింది.

"కన్ఫ్యూజన్ ఏం లేదు డాక్టర్ గారూ," అంది తల వంచుకునే. "ఆవిడకి అన్నీ సరిగ్గానే తెలుస్తున్నాయి."