డిసెంబరులో ఎండబెట్టిన మిరపకాయలు

తెల్లారీ తెల్లారకముందే ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చేసింది. డిసెంబరులో చెమట పట్టడం మృదులకు ఇంకా వింతగానే ఉంది. అనకాపల్లిలో ఈపాటికి అమ్మ దుప్పట్లు బయటికి తీసి ఉంటుంది. ఇక్కడ దక్షిణాఫ్రికాలోని ఉంజింటోలో పెరటి మామిడిచెట్టు పళ్లతో వంగిపోతోంది, వంటింట్లో కొత్త మొగుడు చొక్కా లేకుండా టీ కాస్తున్నాడు. ఆ రెండింట్లో ఏది ఎక్కువ బాగుందో తేల్చుకోలేక కాసేపు అలాగే చూస్తూ నిలబడింది.

"ఏమండీ, ఇవాళ బక్కీ మనకే కదా?"

సగ్రెన్ వెనక్కి తిరిగాడు. 'ఏమండీ' అంటే తననేనని అతనికి ఈమధ్యే అలవాటయింది. ఇంటి ముందున్న పాత బక్కీ ట్రక్కు వైపు చూసి, "ఎక్కడికి పోవాలె?" అన్నాడు, తనకు వచ్చిన కాస్త తెలుగులో.

"మిరపకాయలు కొనడానికి!"

మొన్నమొన్నటిదాకా మన పాస్‌పోర్టు మీద దక్షిణాఫ్రికాకు చెల్లదని రాసి ఉండేది. దారులు తెరుచుకున్నాక, చెరుకు నరకడానికి ఓడెక్కి అక్కడికి వెళ్లిన తన ముత్తాతది ఏ ఊరో కనుక్కుందామని సగ్రెన్ అనకాపల్లి వచ్చాడు. ఎవరో చెబితే లెక్చరర్ గిరిధరరావు గారింటి తలుపు తట్టాడు. ఊరు దొరకలేదు గానీ గిరిధరరావు గారి అమ్మాయి మృదుల దొరికింది. ఇద్దరూ ఎక్కువగా ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటారు. ముద్దుమాటలు మాత్రం తెలుగే.

అత్తగారు అంబీ ఇంట్లో లేదు. తన ఆడపడుచు కోగీ కూతురు జెసికా నిశ్చితార్థం పనులకని ఇసిపింగో వెళ్లింది. అంబీ మసాలా అంటే ఆ తీరమంతా పేరు. చుట్టాలకీ తెలిసినవాళ్లకీ ఏటేటా ఆమే చేసి ఇవ్వాలి. కోడలిని మాత్రం ఆ పొయ్యి దగ్గరికి రానివ్వదు. ధనియాలు వేయిస్తున్నప్పుడు మృదుల గుమ్మం దాటితే చాలు, "నువ్వు పో అమ్మీ, బుక్కు చదువుకో" అని పంపేస్తుంది. బీఎస్సీ చదివిన కోడలికి వంటింట్లో గరిట పట్టే చోటు లేకపోవడం మృదులకు ముల్లులా గుచ్చుకుంటోంది. అత్తగారు తిరిగి వచ్చేసరికి ఏడాది మిరపకాయలు ఎండబెట్టి చూపించాలని ఆమె పంతం.

పోర్ట్ షెప్‌స్టోన్ దాకా ఒకపక్క సముద్రం, ఒకపక్క చెరుకు. మృదుల దారి పొడవునా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలిని పట్టుకుంటూనే ఉంది. నది ఒడ్డున తోట నడిపే ప్రెగ్గీ వాళ్లను చూసి ఆశ్చర్యపోయాడు.

"అంబీ ఆంటీ చలికాలంలో కదా కొనేది? ఇప్పుడు మొదటి కోతే ఇంకా."

"మా ఊళ్లో ఏడాది మిరపకాయలు ఎండాకాలంలోనే ఎండబెడతాం. మీకిప్పుడు ఎండాకాలమేగా?" అంది మృదుల ధీమాగా.

ప్రెగ్గీ సగ్రెన్ వైపు చూశాడు. సగ్రెన్ భుజాలెగరేశాడు. "కొత్త పెళ్లికొడుకుని నన్నడుగుతావేంటి?" అన్నాడు నవ్వుతూ.

పెరట్లో దుప్పట్లు పరిచి పోస్తే ఎర్రటి తివాచీలా ఉంది. మధ్యాహ్నం దాకా మాడ్చే ఎండ. సాయంత్రం అయ్యేసరికి ఉరుముతూ వాన. మృదుల పరుగెత్తి ప్లాస్టిక్ పట్టా కప్పింది. మర్నాడూ అంతే. ఇక్కడి ఎండ వానను వెంటేసుకొస్తుందనీ, చలికాలంలోనే గాలి పొడిగా ఉంటుందనీ ఆమెకు చెప్పినవాళ్లు లేరు. పట్టా కింద కాయ ఉడికినట్టయింది. అయినా వారం గడిచేసరికి ఎర్రగా నిగనిగలాడుతూ, పట్టుకుంటే పటపటమంటున్నాయి. వాసనే ఎక్కడో తేడాగా ఉంది. సముద్రపు గాలి ఏమో అనుకుంది.

అంబీ రాగానే మృదుల బుట్ట ఎదురుగా పెట్టింది. "అత్తయ్యా, మీరొకసారి వాసన చూడండి. నాకెందుకో అనుమానంగా ఉంది."

"ఏటి మీరు మీరు? నాను ఒక్కదాన్నే గదా?" అంటూ అంబీ బుట్ట ముందు కూర్చుంది. "డిసెంబర్‌ల ఎవురు సేస్తారు, అమ్మీ?" అంటూనే ఒక గుప్పెడు తీసి వెలుగులో చూసింది, విరిచింది, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. ఒక తుమ్ము తుమ్మింది. "ఫస్ట్ క్లాస్!"

మృదుల ఆ సాయంత్రమంతా పాడుకుంటూనే ఉంది.

మిల్లు పట్టించిన మసాలాలో మొదటి డబ్బా, నిశ్చితార్థానికి ముందు పెళ్లికొడుకు వాళ్లకు కోగీ పెట్టే విందుకని, ఇసిపింగో వెళ్లింది. ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే కోగీ దిగింది. డబ్బా తెచ్చి బల్ల మీద ఠపీమని పెట్టింది.

"వదినా, ఇది నీ సేతి మసాలాయేనా? మటన్ అంతా తడిసిన గోనెసంచి కంపు! పెండ్లికొడుకు తల్లి ప్లేట్ తోసేసి పప్పు తిన్నది. పాట్ మొత్తం పారబోసినాను."

"మిల్లుల ఏదన్నా..." అని అంబీ నసిగింది.

"మిల్లు మీద పెట్టొద్దు. చిల్లీ ఎవురు ఎండబెట్టినారు?" కోగీ మృదుల వైపు తిరిగింది. "కాలేజ్ పోయినావు గదా తల్లీ, బూజు అంటే ఏటో నేర్పలేదా ఆడ?"

మృదుల లోపలికి వెళ్లి మిగిలిన మిరపకాయ ఒకటి తెచ్చి నిలువుగా చీల్చింది. పైన ఎరుపు. లోపల గింజల చుట్టూ బూడిదరంగు నూగు. ఆమె మొహం కందిపోయింది.

"తప్పు నాదే, కోగీ ఆంటీ. కానీ..." అంటూ అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, మీరు వాసన చూశారు. అనుమానంగా ఉందని నేనే అడిగాను. ఫస్ట్ క్లాస్ అన్నారు! ఇంత కంపు మీకు తెలియకుండా ఉంటుందా? నలుగురిలో నా పరువు పోవాలనేనా?"

"మృదులా!" అన్నాడు సగ్రెన్.

"మీరాగండి. వచ్చినప్పటినుంచీ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వరు. నేనంటే ఇష్టం లేకపోతే ఆ మాట మొహం మీదే చెప్పొచ్చుగా!"

కోగీ కూడా నోరు తెరిచి వదిన వైపే చూస్తోంది. అంబీ కుర్చీ లాక్కుని కూర్చుంది. డబ్బా మూత తీసి మొహానికి ఆనించుకుని నిండా పీల్చింది. తుమ్మింది. కళ్లనీళ్లు కారాయి.

"తుమ్ము వొస్తది, అమ్మీ. కండ్ల నీళ్లు వొస్తది. స్మెల్ రాదు."

అంబీ డబ్బా మూత పెట్టేసింది.

"పోయిన వింటర్ నాకు ఫ్లూ వొచ్చింది గదా. అప్పుడు పోయింది. మళ్లా రాలేదు. డాక్టర్ వెయిట్ సెయ్యి అన్నాడు. సేస్తా ఉన్నాను."

"అమ్మా, మాకెందుకు చెప్పలేదు?" సగ్రెన్ గొంతు తగ్గింది.

"ఏటని సెప్పాలె? అందరూ అంబీ మసాలా, అంబీ మసాలా అంటారు. ముక్కు లేని అంబీతో ఎవురికి ఏటి పని? అప్పుడే నీ పెండ్లి. సదువుకున్న పిల్ల వొస్తాది. ఇంక ముసల్ది స్టోవ్ దగ్గర ఎందుకు అంటే?" ఆమె మృదుల వైపు చూడకుండానే అంది. "నువ్వు పక్కన నిలబడితే తెలిసిపోతాది. అందుకే పో, పో అన్నాను."

స్టవ్ పక్కనే నిలబడి కూడా అత్తగారు పాలు మాడబెట్టిన పొద్దులు మృదులకు గుర్తొచ్చాయి. పరాకు అనుకుని తను లోపల నవ్వుకుంది.

"మరి నా మిరపకాయలు ఎందుకు బాగున్నాయన్నారు?" అంది మృదుల.

"ఎర్రగా ఉన్నది. పటపట ఇరిగింది. నువ్వేమో అట్ల బుట్ట పట్టుకోని, మొహమంతా నవ్వు పెట్టుకోని నిలబడినావు. నాకు తెలీదు అని ఎట్ల సెప్పేది?"

మృదుల నేల మీద కూలబడి అత్తగారి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేసింది. అంబీ చెయ్యి కాసేపు గాలిలోనే ఉండిపోయి, తర్వాత ఆ జుట్టు మీద వాలింది.

కోగీ ముక్కు చీదుకుంది. "సర్లే వదినా, ముక్కు పోయింది గాని నోరు పోలేదు గదా. జెసికా అత్తకి నాను సెప్పుకుంటాను. ముందు టీ పెట్టించు, పొద్దున్నుంచి ఏటీ తాగలేదు."

జూన్‌లో వానలు పోయాయి. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. స్థానిక ఎన్నికల పోస్టర్లు కట్టిన స్తంభాల మధ్యనుంచి బక్కీ మళ్లీ పోర్ట్ షెప్‌స్టోన్ వెళ్లింది. ఈసారి ముందు సీట్లో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. ప్రెగ్గీ బస్తాలు విప్పితే అంబీ కాయ విరిచి చూసింది, మృదుల ముక్కు పెట్టి చూసింది. ఇద్దరూ తల ఊపాకే సగ్రెన్ బస్తా ఎత్తాడు. పొడి ఎండకు కాయలు లోపలిదాకా ఎండాయి.

ఆ ఆదివారం పొద్దున పొయ్యి మీద పెద్ద మూకుడు. అంబీ ధనియాలు పోసి గరిట అందుకుంది. మృదుల పక్కన నిలబడింది, అంతలో బెంబేలెత్తింది.

"అత్తయ్యా, మీ అసలు మసాలా వాసన నేనెప్పుడూ చూడలేదుగా! ఎప్పుడు దించాలో నాకెలా తెలుస్తుంది?"

అంబీ గరిట తిప్పుతూ ఆలోచించింది. "సెరుకు కేన్ కాలుస్తారు గదా, నరికే ముందు? మర్నాడు పొద్దున మంచు పడి ఉంటాది. ఆ పొలం పక్క నడిస్తే ఒక స్మెల్ వొస్తది. పొగ, లోపల కొంచెం తీపి. అది వొచ్చేదాకా ఉంచాలె. వొచ్చినాక ఉంచకూడదు."

ఆ చలికాలంలో సగ్రెన్ చెయ్యి పట్టుకుని అలాంటి పొలాల పక్కన ఎన్ని పొద్దులు నడిచిందో! మృదుల కళ్లు మూసుకుని మూకుడు మీదికి వంగింది.

"ఇప్పుడు?"

"ఇంకా పచ్చి. గడ్డిలా ఉంది."

"ఇప్పుడు?"

"నారింజ తొక్క వలిచినట్టుంది."

"అవు, అవు!" అంబీ చిన్నపిల్లలా నవ్వింది. "మధ్యల అది వొస్తది. నాను మర్సిపోయినాను సూడు! ఇప్పుడు?"

"ఆగండి. ఇంకొంచెం. తిప్పుతూ ఉండండి. పొగ వస్తోంది... ఇదిగో, తీపి! అత్తయ్యా, దించండి, దించండి!"

అంబీ మూకుడు దించింది. ధనియాలు చిటపటలాడి సద్దుమణిగాయి. ఆమె గరిట ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది, కళ్లు మూసుకుంది.

"ఇప్పుడు సెప్పు, అమ్మీ. ఎట్ల ఉన్నది? ఫాస్ట్ వొద్దు. స్లోగా సెప్పు."

మృదుల ఆమె పక్కన నేల మీద చతికిలబడి, నిండా ఊపిరి పీల్చుకుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.