రెండు వేళ్ల సందు

నాగపూర్‌లో ఉద్యోగ శిక్షణకు వెళ్తున్న అనూహ్య బ్యాగులో చోటు మిగలలేదు. అయినా తల్లి పార్వతీదేవి ఒక టార్చిలైటు, రెండు కొవ్వొత్తులు, సర్టిఫికెట్ల జిరాక్సులు ఇంకో కట్ట కుక్కుతూనే ఉంది.

"అమ్మా, నాగపూర్‌లో కరెంటు ఉంటుందే."

"ఉంటే మంచిదేగా. పోయినప్పుడు నన్ను తలుచుకుంటావు."

జిప్పు పడలేదు. తండ్రి వెంకటరామయ్యగారు బ్యాగు మీద మోకాలు ఆనించి లాగారు. బయట ఆగస్టు వాన. మూడింటికి రావలసిన టాక్సీ మూడున్నరైనా జాడ లేదు. నాగపూర్ బస్సు ఐదింటికి మేడ్చల్‌లో ఆగుతుంది. షామీర్‌పేట నుంచి అక్కడికి ఊరూరా స్పీడ్ బ్రేకర్లున్న సన్నని రోడ్డు.

గేటు దగ్గర గొడుగు కింద నిలబడి రాకేష్ ఇదంతా చూస్తున్నాడు. అతనిది పక్క వీధి. ఈ కాలనీ అంతా ఒకప్పుడు అతని నాయిన మల్లేశం జొన్న చేను. అందులోనే వెంకటరామయ్యగారు ప్లాటు కొని ఇల్లు కట్టారు. ఆ ఇంటి అమ్మాయితో చెప్పవలసిన మాట ఒకటి రెండేళ్లుగా రాకేష్ గొంతులోనే ఉండిపోయింది. ఇవాళ ఐదింటిలోపు చెప్పకపోతే ఇక చెప్పనట్టే.

"అంకుల్, నా బండిల పోదాం," అన్నాడు.

అనూహ్య అతని వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకుంది. పదిహేను రోజులుగా ఆమె అతనితో మాట్లాడటం లేదు. కారణం ఆ బండే.

బొల్లారంలో ఒక రిటైర్డు ఆఫీసరు దగ్గర కొన్న పాత స్పోర్ట్స్ కారు అది. రెండే తలుపులు. వెనక సీటు ఉందంటే ఉంది. చేతిలో ఉన్నదంతా మెరిసే అలాయ్ చక్రాలకే అయిపోయింది. తీరా బిగించాక చూస్తే, చక్రానికీ పైనున్న మడ్‌గార్డుకూ మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ. కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బురద దాటుతున్న మనిషిలా ఉంది కారు. దాన్ని కిందికి దించే స్ప్రింగులు బొంబాయి నుంచి తెప్పించాలి. అంత స్తోమత లేక, సూరారంలో మెకానిక్ కుర్మయ్య చేత ఉన్న స్ప్రింగులనే చుట్టున్నర కోయించాడు. కారు నేలకు అతుక్కుని పులిలా కూర్చుంది.

అది మొదట చూపించింది అనూహ్యకే. కండ్లకోయ కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన పిల్ల. వంగి చక్రాలను చూసింది.

"ఎలా కొలిచావు?"

"నేను సీట్ల కూసున్న. కుర్మయ్య వేళ్లు వెట్టి జూసిండు. రెండు వేళ్ల సందు. మస్తు కుదిరింది."

"నువ్వొక్కడివే కూర్చుంటే రెండు వేళ్లు. ఇంకెవరైనా ఎక్కితే?"

"నా కార్ల ఇంకెవరెక్కుతరు?"

ఆమె ముఖం ఎందుకు చిన్నబోయిందో ఆ రోజు అతనికి అర్థం కాలేదు.

ఇప్పుడు ముందు సీటు మడిచి భార్యాభర్తలిద్దరినీ వెనక్కి పంపేసరికి పది నిమిషాలు పట్టింది. బ్యాగు డిక్కీలోకి ఎక్కగానే కారు నిట్టూర్చి ఇంకాస్త కుంగింది. మొదటి స్పీడ్ బ్రేకర్ మీద టైర్లు మడ్‌గార్డుకు రాసుకుని గర్రుమన్నాయి. రబ్బరు కాలిన వాసన.

"బాబూ, ఏదో కాలుతోంది," అంది పార్వతీదేవి.

"వాననీళ్లు ఆంటీ."

"వాననీళ్లు కాలవు," అంది అనూహ్య. పదిహేను రోజుల తర్వాత అదే ఆమె మొదటి మాట.

రెండో దాని దగ్గర వెంకటరామయ్యగారు తనే దిగి, గొడుగు వేసుకుని, స్పీడ్ బ్రేకర్ దాటి నడిచి మళ్లీ ఎక్కారు. మూడో దానికి పార్వతీదేవి కూడా దిగింది. టీ కొట్టు ముందు కూర్చున్న పెద్దాయన ఒకడు అడిగాడు. "ఏంది పిల్లగా, బండి నడుపుతున్నవా, మందిని నడిపిస్తున్నవా?"

నాలుగో దాని దగ్గర వెంకటరామయ్యగారు వాచీ చూసుకున్నారు. వెనక సెవెన్ సీటర్ ఆటో వస్తోంది. చూస్తే ఇద్దరికే చోటుంది.

"మేమిద్దరం ఇందులో వస్తాం. మీరు ముందు పదండి. బస్సు తప్పకూడదు."

పార్వతీదేవి ఏదో అనబోయి, వాన చూసి, ఆటో ఎక్కింది.

కారు తేలికపడింది. లోపల మాత్రం గాలి బరువెక్కింది. వైపర్లు అటూ ఇటూ తల ఊపుతున్నాయి.

"పదిహేను రోజులు ఎందుకు మాట్లాడలే?"

"నీ కార్లో ఇంకెవరూ ఎక్కరుగా. నాతో మాటలెందుకు?"

రాకేష్ గేరు తగ్గించాడు.

"ఒక్కన్నే ఉంట అనుకున్న. గందుకే ఒక్కనికే కొలిచిన. నిన్ను పక్కన కూసోవెట్టి కొల్వాలని మనసుల ఉండె. అడిగే ధైర్యం లేకుండె."

"అడిగితే కూర్చునేదాన్ని."

"నువ్వంటే నాకిష్టం అనూహ్యా. బస్సు పోయినంక జెప్పి లాభం లేదని ఇప్పుడు జెప్తున్న."

"ముందు చూసి నడుపు. స్పీడ్ బ్రేకర్."

గర్రుమంది. ఆమె కిటికీ వైపు తిరిగి నవ్వింది. అద్దంలో ఆ నవ్వు అతనికి కనబడింది.

"నిండు స్ప్రింగులు వేయించు. నలుగురు కూర్చునేలా చేశాక, మా నాన్నని అడుగు."

మేడ్చల్‌లో బస్సు అయిదు నిమిషాల ముందే వచ్చి హారన్ కొడుతోంది. ఆటో ఇంకా రాలేదు. అమ్మానాన్నలను చూడకుండా వెళ్లాలా అని మెట్టు మీద అనూహ్య కళ్లు తడిశాయి. రాకేష్ కారు తెచ్చి బస్సుకు అడ్డంగా పెట్టాడు.

"ఏంది తమ్మీ, బండి తియ్యి," అన్నాడు కండక్టర్.

"కూసున్నదన్నా. ఇగ లేస్తలేదు."

ఆటో వచ్చేదాకా ఆ కారు లేవలేదు. పార్వతీదేవి కిటికీలోంచి కూతురి చేయి పట్టుకుని, టార్చి పైనే పెట్టానని రెండుసార్లు చెప్పింది. బస్సు కదిలాక వెంకటరామయ్యగారు రాకేష్ తడి భుజం మీద చేయి వేశారు.

"బండి లేచిందా బాబూ?"

"లేచిందంకుల్."

కొన్నాళ్లకు రాకేష్ పాత సామాన్ల కొట్లలో వెతికించి కోయని స్ప్రింగులు వేయించాడు. అమ్మ లక్ష్మమ్మనూ నాయిననూ వెనక, వెంకటరామయ్యగారిని ముందు కూర్చోబెట్టుకుని స్పీడ్ బ్రేకర్ దాటాడు. చప్పుడు లేదు. అక్కడే కారు ఆపి, అడగవలసింది అడిగాడు.

"మా అమ్మాయికి ఉద్యోగం అక్కడే ఖాయమైంది బాబూ. ఇక్కడికి రాదు," అన్నారాయన.

"నేనే పోత అంకుల్."

మల్లేశం కిటికీలోంచి ప్లాట్లయిపోయిన చేను వైపు చూశాడు. "పోనియ్యుండ్రి," అంది లక్ష్మమ్మ. "ఒక్కడే ఉండి ఏం జేస్తడు ఈడ?"

మల్లేశం తల ఊపాడు. వెంకటరామయ్యగారూ సరేనన్నారు.

రాకేష్ బయలుదేరే రోజు లక్ష్మమ్మ బ్యాగు సర్దుతుంటే పార్వతీదేవి వచ్చి, అందులో ఒక టార్చిలైటు, రెండు కొవ్వొత్తులు పెట్టింది.

పెళ్లి నాగపూర్‌లోనే జరిగింది. ఆ ఊరి హైవే మీదే అతను చక్రాల కొట్టు పెట్టుకున్నాడు. రాకేష్ షామీర్‌పేట నుంచి వెళ్లింది 2005 డిసెంబరు 18, ఆదివారం ఉదయం. అమ్మానాయినల ఇంట్లో ఉండటానికి మళ్లీ రాలేదు.