రెండు క్లిక్కులు

“మూడూ ఒకేసారి మార్చేశారా? ఇప్పుడు ఏది పనిచేసిందో మీకెలా తెలుస్తుంది?”

పంజగుట్టలోని నా షెడ్డులో నిలబడి, పదేళ్లుగా బళ్లు బాగుచేస్తున్న నన్ను మంజూష అడిగిన మొదటి మాట ఇదే. నాకు ఒళ్లు మండింది.

రెండు వేల ఆరు సంగతి. ఆమెది భీమవరం. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేసేది, సెలవుల్లో బైకు రేసుల్లో పోటీపడేది. బండికి కొత్త రేసింగ్ టైర్లు వేయించినప్పటి నుంచి మలుపుల్లో వెనక భాగం ఊగుతోందట.

“టైర్లు మస్తు పట్టు పడుతున్నయి మేడం. షాకబ్జార్బర్లు గంత బరువు ఆపుతలేవు. వాటి మూడు స్క్రూలు జర టైట్ చేసిన, గంతే.”

“చేసింది రాశారా?”

“చేతికి తెలుస్తది. రాసుడెందుకు?”

ఆమె బ్యాగులోంచి నోట్‌బుక్ తీసింది. “ఒకసారికి ఒక్కటే మార్చాలి. రాయాలి. నడిపి చూడాలి. మా ఆఫీసులో అలాగే చేస్తాం, మార్కండేయ గారూ.”

“గిది ఆఫీసు కాదు.”

“ఆఫీసులో తప్పయితే మెయిల్ వస్తుంది. ఇక్కడ తప్పయితే నేను పడతాను.”

నేను చేతులు తుడుచుకుని నోట్‌బుక్ అందుకున్నాను.

మూడు వారాలు అలాగే చేశాం. సాయంత్రం హెల్మెట్, జాకెట్‌తో ఆమె బండెక్కితే సీటు ఎంత దిగుతుందో కొలిచేవాణ్ణి. అమ్మ కుట్టుపని టేపుతోనే. ‘గిరాకీల రవికెలు ఏంతోని కొలవాల్రా’ అని అమ్మ రోజూ తిట్టేది. ఒక్క స్క్రూని టిక్కుటిక్కుమంటూ తిప్పి, ఎన్ని క్లిక్కులో రాసి, ఆదివారం సనత్‌నగర్‌లో ఖాళీ రోడ్డు మీద నడిపి చూసేవాళ్లం. ఈలోగా ఆమె మీద ప్రేమ పుట్టింది నాకు. చెప్పే ధైర్యం మాత్రం లేదు.

చివరికి వెనక షాకు స్క్రూని పూర్తిగా బిగించి, అక్కడి నుంచి పద్నాలుగు క్లిక్కులు వదిలితే బండి కుదిరింది.

“శనివారం చెన్నైలో ట్రయల్,” అంది సంతోషంగా. “ట్రాక్ మీద తక్కువ టైంలో రౌండు కొడితే రేసింగ్ టీమ్‌లోకి తీసుకుంటారు. ఇక అక్కడే ఉంటాను.”

ఆమె బండిని షెడ్డులోనే ఉంచి వెళ్లాక ఆ స్క్రూని రెండు క్లిక్కులు బిగించాను. పడిపోయేంత తేడా కాదు, ఆ టైం రానంత తేడా. సిగ్గుమాలిన పని.

గురువారం పొద్దున బండిని రైల్లో వేయడానికి వచ్చింది. ఒక రౌండు కొట్టి, ఏదో తేడాగా ఉందని స్క్రూడ్రైవర్ అడిగి, స్క్రూని చివరిదాకా బిగిస్తూ క్లిక్కులు లెక్కపెట్టింది. పన్నెండు. నోట్‌బుక్‌లో పద్నాలుగు.

“ఎవరు మార్చారు?”

“నేనే.”

“ఎందుకు?”

“టైం వస్తే మీరు చెన్నై పోతరు. మీరంటే నాకు ఇష్టం. పోతే ఉండలేననిపించింది. నాదే తప్పు.”

ఆమె ముఖం ఎర్రబడింది. “మీరు రాసిన అంకెని నమ్మే కదా మలుపులో బండిని అంతలా వంచుతాను.”

స్క్రూడ్రైవర్ తీసుకుని పద్నాలుగు క్లిక్కులు వదిలాను. నేను చేసిన ఆ రెండు క్లిక్కుల పని కూడా రాసి, కింద సంతకం పెట్టి నోట్‌బుక్ ఇచ్చేశాను. ఆమె రెండుసార్లు చదివింది.

“ఒకసారికి ఒక్కటే మార్చాలని చెప్పానా లేదా?”

“చెప్పిన్రు.”

“అయితే స్క్రూ జోలికి పోకు. ఊరు మార్చు. అక్కడ నాకు మెకానిక్ లేడు.”

నన్ను ‘నువ్వు’ అనడం అదే మొదలు.

మర్నాడు నేను చెన్నైకి బ్యాగు సర్దుకుంటుంటే అమ్మ టేపు చుట్టి బట్టల మీద పెట్టింది.

“తీస్కపో. వచ్చేటప్పుడు ఆ పిల్లను సుత తీస్కరా.”