చెప్పకుండా కలిపిన పొడి

బడి వెనక షెడ్డులో కుకప్ ఉడుకుతోంది. బియ్యం, అలసందలు, కొబ్బరిపాలు, అన్నీ ఒకే కుండలో. ఉప్పు పట్టించిన పంది తోక కూడా వేస్తారు గానీ, ఈసారి మిస్ వద్దన్నారు. తరగతిలో నజీర్ వాళ్లింట్లో పంది తినరు.

కలిపే పని ఓనికాది. కొంచెం అరచేతిలో వేసుకుని రుచి చూసింది.

"అయ్యో, ఇంత చప్పగానా! అమ్మమ్మ చూస్తే కుక్కకి కూడా పెట్టదు."

నజీర్ రొయ్యలు తింటాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇంటి నుంచి తెచ్చిన ఎండు రొయ్యల పొడి గుప్పెడు చల్లి, గిరగిరా కలిపేసింది.

అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. పక్క బెంచీ జెరూషా రెండోసారి పెట్టించుకుంది.

"ఏమేసావే ఇందులో? మా ఇంట్లో ఈ రుచే రాదు. మా చర్చివాళ్లు పీతలూ రొయ్యలూ తినకూడదు కదా, అమ్మ ఉత్త కొబ్బరిపాలతోనే కానిచ్చేస్తుంది."

ఓనికా చేతిలో చెంచా ఆగిపోయింది. జెరూషా చేపలు తినడం అంతకుముందు చూసింది. రొయ్యలూ అంతేననుకుంది.

"థైమ్ ఆకు," అంది.

జెరూషా గిన్నె ఖాళీ చేసింది.

కుళాయి దగ్గర ఇద్దరే మిగిలాక ఓనికా నోరు విప్పింది. "జెరూషా, అది థైమ్ కాదు. రొయ్యల పొడి. నాకు తెలీక వేశాను."

జెరూషా గిన్నె కడగడం ఆపింది.

"తెలీక వేశావు సరే. అడిగాను కదే. అప్పుడు తెలుసుగా?"

"తెలుసు."

"అప్పటికి ఈ రెండో గిన్నెలో సగమే తిన్నాను."

జెరూషా నోరు పుక్కిలించింది. మళ్లీ పుక్కిలించింది. ఓనికా "సారీ" అంది. నీళ్ల చప్పుడులో వినబడిందో లేదో. రోజూ కలిసి వెళ్లే జెరూషా ఆ సాయంత్రం ఒక్కతే ఇంటికెళ్లింది.

నెల తర్వాత మళ్లీ కుకప్ వండే రోజు వచ్చింది. పొయ్యి వెలిగించకముందే ఓనికా సామానంతా బల్ల మీద పరిచింది. ముందు జెరూషానే పిలిచింది.

"చూసి చెప్పు. ఏది తీసెయ్యాలి?"

జెరూషా ఒక్కొక్కటీ చూసింది. అమ్మమ్మ నూరిచ్చిన పచ్చ మసాలా సీసా దగ్గర ఆగింది.

"ఇందులో ఏముందో?"

ఉల్లికాడలు, వెల్లుల్లి ఉంటాయి. ఇంకేం ఉంటాయో ఓనికాకు తెలీదు. 'ఏం కాదులేవే' అనబోయింది.

"నాకూ తెలీదు," అని సీసా తీసి సంచిలో పెట్టేసింది.

అయినా ఆ రోజు జెరూషా ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం డబ్బానే తెరిచింది. ఓనికా బతిమాలలేదు. చప్పటి కుకప్ పళ్లెంలో పెట్టుకుని, మెతుకు వదలకుండా తింది.