నారీమాన్ నొక్కని మీట

అలెగ్జాండ్రియా రేవులో కంటెయినర్ల గుమాస్తా ఫిక్రీ చేత ముందు పాస్‌వర్డ్ కొట్టించారు, తర్వాత కాల్చేశారు. సైలెన్సర్ చప్పుడు పక్కగదికి కూడా వినబడలేదు.

ఏజెంట్ వజ్దీ తలుపు తన్నుకుని వచ్చేసరికి ఫిక్రీ నెత్తురు బల్లంతా పాకింది. మూడు నెలలుగా గుమాస్తా వేషంలో వజ్దీ అదే బల్ల దగ్గర వివరాలు ఎక్కిస్తున్నాడు. పేలుడు మందు నింపిన ఒక పెట్టెను తనిఖీకని ఆపించింది అతనే. అది లారీ ఎక్కి ట్రామ్ స్టేషన్ చేరిందంటే అక్కడి జనానికి శవాలు కూడా మిగలవు.

కంప్యూటర్ ముందు కూర్చున్నది నారీమాన్. అతని నిఘా డిపార్ట్‌మెంటే! నిన్న అతనితో కలిసి వేయించిన చేపలు తిన్న మనిషి.

"ఆలస్యమైంది పాషా గారూ! ఫారంలో 'ఆపు' తీసేసి 'విడుదల' కొట్టేశాను. కావాలంటే చూస్కో."

వెనకనుంచి ఒక బోడిగుండువాడు అతని మెడకు వైరు బిగించాడు. వజ్దీ బల్లమీది టీ గ్లాసు పగలగొట్టి వాడి గొంతులో దింపాడు. వాడు గురగురమంటూ కూలాడు. నారీమాన్ కాల్చింది. భుజం చీలి వజ్దీ కీబోర్డు పక్కన బల్లమీద బోర్లా పడ్డాడు. ఎదురుగా తెర. ఫారం ఎడమ అంచున చిన్న పెన్సిలు బొమ్మ!

పోతున్న ప్రాణం లేచొచ్చింది. ఆ పెన్సిలు ఉన్నంతసేపూ కొట్టింది డేటాబేస్‌లోకి ఎక్కదు. పక్క రికార్డుకు జరిగితే దానంతటదే ఎక్కిపోతుంది. అందుకు ఒక్క మీట చాలు. మహాతల్లి అది నొక్కకుండా మురిసిపోతూ కూర్చుంది.

వజ్దీ ఎస్కేప్ మీటను రెండుసార్లు పొడిచాడు. పెన్సిలు మాయమైంది. 'ఆపు' తిరిగొచ్చింది. రెండో గుండు చెవి పక్కనుంచి పోయింది. అతను ఆమె చెయ్యి పట్టి విరిచాడు. తుపాకీ కిందపడింది.

వాకీటాకీలో క్రేను డ్రైవరు సాదావీ గొంతు: "నాయనా వజ్దీ, పెట్టె ఎత్తమని ఇందాక మీ గదినుంచి ఎవరో ఆవిడ ఒకటే ఫోన్లు! నా తెరమీదేమో ఇంకా 'ఆపు' అనే ఉంది. ఏం చెయ్యమంటావ్?"

"దాని జోలికెళ్ళకు బాబాయ్! పోలీసుల్ని పంపు."

"నేను కొట్టానుగా! నా కళ్ళతో చూశానుగా!" నారీమాన్ నేలమీద పడి అరిచింది.

వజ్దీ ఫిక్రీ కళ్ళు మూశాడు. అతనికి ఏడుపొచ్చింది. తుడుచుకుని ఆమెకు బేడీలు వేశాడు.

"గుమాస్తాని చంపేముందు గుమాస్తా పని నేర్చుకోవాలి మేడమ్."