అత్తగారి ఉయ్యాల

దెయ్యం ఉండే చోటు అనగానే మీరు ఏ చెట్టో, ఏ నుయ్యో, ఏ పాడుపడ్డ ఇల్లో అనుకుంటారు. ఇది ఆ మూడూ కాదు. అసలు నేల మీదే లేదు. ఊరి చివర బీట్లో నిలబడి నిటారుగా పైకి చూస్తే, కిలోమీటరున్నర ఎత్తున... ఉత్త గాలిలో ఉంది.

విమానాలు నడిపేవాళ్ళు దానికి అత్తగారి ఉయ్యాల అని పేరు పెట్టుకున్నారు. అది ఊపడం మొదలుపెడితే నిద్ర రాదు, ఉన్న నిద్ర ఎగిరిపోతుంది—అందుకని. నవ్వుతూ పెట్టిన పేరే గానీ, రాత్రిపూట దాన్ని దాటేటప్పుడు ఒక్కడూ నవ్వడు. గాలి వీచే రాత్రి ఏమీ ఉండదట. ఆకు కదలని రాత్రి, చుక్కలు తేటగా ఉన్న రాత్రి—అప్పుడే ఎవరో రెక్క పట్టుకుని మెలిపెడతారట.

సరిగ్గా ఆ చోటికి కిందే రాడారు కేంద్రం. దాన్ని చూసుకునేది ఒకావిడ. ఆవిడ మరిది ఉత్తరాలు మోసే చిన్న టపా విమానం నడుపుతాడు. అతను పిలిచే పిలుపే కేంద్రంలో అందరికీ అలవాటైపోయి, ఆవిడ ఊరందరికీ వదినైంది.

రాడారంటే కంగారుపడకండి. నూతిలోకి కేకేస్తే కేక తిరిగొస్తుంది కదా, ఇది ఆకాశంలోకి కేకేస్తుంది, అంతే. ఉత్త గాలి నుంచి ఏం తిరిగొస్తుంది అంటారా? గ్లాసుడు నీళ్ళలో చక్కెర వేసి కలిపి చూడండి. కరిగేటప్పుడు సన్నటి తీగలు మెలికలు తిరుగుతూ కనపడతాయి. గాలి కలతపడినా అలాగే వేడీ చల్లా, తడీ పొడీ మెలికలు పడతాయి. రాడారు కేక ఆ మెలికలకి తగిలి వెనక్కొస్తుంది. ఏ ఎత్తున ఎంత కలత ఉందో వదిన పటం గీసి చెబుతుంది.

ఇరవై నాలుగు రోజుల కిందట, రాత్రి రెండు దాటాక, మరిది విమానం ఆ ఉయ్యాల దగ్గర పల్టీ కొట్టినంత పని చేసింది. పక్కనున్న మనిషికి భుజం ఎముక విరిగింది. రేపు పదింటికి విచారణ. గాలి తప్పా? నడిపేవాడు కునుకు తీశాడా? రెండోదే అయితే మరిది ఇక విమానం ఎక్కడు.

ఆ రాత్రి రాడారు పటంలో ఉన్నది ఒకే మాట—ప్రశాంతం. కింద వదిన సంతకం.

"నిజం చెప్పు నాన్నా. నిద్రపోయావా?" అని భోజనాల దగ్గర మెల్లిగా అడిగింది.

"మీరు కూడానా వదినా! మీ పెళ్ళిలో రాత్రంతా మేలుకుని కుర్చీలు మోసినవాణ్ణి నేను."

"మోశావా, వాటిలో కూర్చుని గురక పెట్టావా?"

నవ్వబోయి ఆగిపోయాడు. గొంతు తగ్గించాడు.

"పట్టుకుంది వదినా... ఎడమ రెక్క. పట్టుకుని తిప్పింది."

ఆ మాట వదినను ఇంట్లో కూర్చోనివ్వలేదు. రాత్రి పని తనది కాకపోయినా కేంద్రానికి వచ్చి, ఉన్నవాణ్ణి ఇంటికి పంపి, ఆనాటి అంకెలు మళ్ళీ ముందేసుకుంది. బయట బీడు నిండా యాంటెనా కడ్డీలు, చీకట్లో వరసగా నిలబడ్డ మనుషుల్లా ఉన్నాయి. లోపల యంత్రం సన్నగా రొద పెడుతోంది.

రెండూ పది... రెండూ పదకొండు... రెండూ పన్నెండు...

అక్కడ వేలు ఆగింది. ఆ మూడు నిమిషాల అంకెలూ మరీ చక్కగా ఉన్నాయి. ముందరి దానికీ వెనక దానికీ సరిగ్గా సగటు. పక్కవాడి పలక చూసి ఎత్తిరాసిన పిల్లాడి లెక్కలా.

ముందురోజు తీసింది. అదే వేళకి అదే చక్కదనం. అంతకు ముందురోజూ అంతే.

ఎత్తిరాసింది ఎవరో వదినకి తెలుసు.

జల్లెడ. పక్షులూ విమానాలూ అడ్డొస్తే గాలి గీతలు పాడవుతాయని, ఆరేళ్ళ కిందట తనే కంప్యూటరులో రాసిపెట్టిన ప్రోగ్రాము. బలమైన కేక ఏది వచ్చినా దాన్నీ, దాని వెనక మూడు నిమిషాలనీ పారేసి, ఖాళీని సగటుతో పూడ్చేస్తుంది. పారేసింది ఎక్కడా దాచదు. అందరూ మెచ్చుకున్నారు కూడా.

గడియారం చూసింది. రెండూ ఎనిమిది. తన తెర మీద జల్లెడ తీసేసింది...

రెండూ పది.

తెర పైభాగాన తెల్లటి గీత చురుక్కున మెరిసి ఆరిపోయింది.

ఆ వెనకే—రెండు మచ్చలు. పక్కపక్కనే, పాదాల జంటలా. ఒకటి ఇటూ ఒకటి అటూ సుళ్ళు తిరుగుతూ... మెల్లిగా... ఒక్కో మెట్టూ కిందికి దిగుతున్నాయి.

వదిన తల తిప్పి చూసింది. కిటికీ బయట ఆకు కదలడం లేదు.

కదలడం లేదు కాబట్టే! నిలకడగా ఉన్న చెరువులో పడవ వెళ్ళిపోయాక కూడా నీళ్ళు ఊగుతూనే ఉంటాయి. ఆ తెల్ల గీత, రోజూ ఇదే వేళకి ఇంకా పైనుంచి పోయే సరుకుల పెద్ద విమానం. ఈ పాదాలు దాని రెక్కల చివర్ల నుంచి జారిన సుళ్ళు. గాలి వీస్తే చెదిరిపోయేవి. గాలి లేదు గనక చెక్కుచెదరకుండా దిగుతున్నాయి.

దిగుతున్నది ఎక్కడికి? టపా విమానం వచ్చే ఎత్తుకి. మరిది బదులు ఇంకెవరో నడుపుతున్న విమానం—రెండూ పన్నెండుకి...

విమానాలకి దారి చెప్పే టవరుకి ఫోను చేసింది. అక్కడ రాత్రిపూట ఉండేది ఒక పెద్దాయన.

"టవరు," అంది పెద్దాయన గొంతు.

"బాబాయ్, టపా విమానాన్ని ఇటు రానివ్వకండి. ఒక్క చుట్టు తిప్పి పంపండి." తెర మీదవాటికి వినపడుతుందేమో అన్నట్టు గుసగుసగా అంది.

"ఎందుకమ్మా? మీ పటం నా ముందే ఉంది. ప్రశాంతం అంటోంది."

"నా పటాన్ని నమ్మకండి!"

"సరే. తిప్పుతున్నా."

పాదాలు టపా విమానం ఎత్తుకి దిగాయి. ఆగాయి. ఉబ్బాయి... వణికాయి... ముక్కలై కరిగిపోయాయి. కాసేపటికి నెత్తి మీదుగా చిన్న విమానం కుట్టుమిషనులా చప్పుడు చేసుకుంటూ దాటిపోయింది.

"వెళ్ళిపోయాడు," అన్నాడు పెద్దాయన. "ఏముందమ్మా అక్కడ?"

"పెద్ద విమానం వదిలిపోయిన సుళ్ళు బాబాయ్. గాలి లేని ప్రతి రాత్రీ ఉంటాయి."

"ప్రతి రాత్రా? మరి ఇన్నాళ్ళూ మీ రాడారుకి కనపడలేదా?"

ఇవాళే మొదటిసారి కనపడింది అంటే సరిపోతుంది. ఎవరూ కాదనరు.

"కనపడింది," అంది. "నేను రాసిన జల్లెడ పారబోసింది. ఆ రాత్రి గాలి ప్రశాంతం అని సంతకం పెట్టింది నేనే. అది తప్పు."

"అమ్మా... ఈ ఫోను మాటలన్నీ రికార్డవుతాయి. రేపు విచారణలో—"

"తెలుసు బాబాయ్. రికార్డులో సరిగ్గా పడిందో లేదో... మళ్ళీ చెబుతాను, వినండి."