సోమవారం అత్తయ్యను ఎవరు చూస్తారు?

“లోకమే పోతుంటే ఇంకా డ్యూటీ ఏమిటి సారా!” అంటూ రాజబాబు యూనిఫాం విప్పి దండెం మీద పడేసిన ఆ బుధవారం నుంచి, దీవి మీది బాంబూఫ్లాట్‌లోని ఆ ఇంట్లో ఎవరికీ తిన్న అన్నం వంటబట్టలేదు. హార్బర్ దాటించే ఫెర్రీ మీద లస్కరు ఉద్యోగం అతనిది. ఈ ఒడ్డున తాడు విప్పి ఆ ఒడ్డున కట్టే పని. జ్వరం వచ్చినా మానని మనిషి! అలాంటివాడు పొద్దున్నే స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, వాకిట్లో కుర్చీ వేసుకుని ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన దైవజనుడు ఒకాయన ప్రార్థన కూడికలో చెప్పాడట... వచ్చే ఆదివారం పొద్దు గూకేలోపు కడబూర మోగుతుందని, విశ్వాసులంతా ప్రాణాలతోనే పరలోకానికి ఎత్తబడతారని, మిగిలినవాళ్ళకు శ్రమల కాలమని, ఆ పైన లోకానికి అంతమేనని! కిందటి వారం భూమి రెండుసార్లు కదిలింది కూడాను. సునామీ నాటి పెద్ద అలను కళ్ళారా చూసిన దీవి ఇది. ఇక్కడ కాళ్ళ కింద నేల కదిలాక ఎవరేం చెప్పినా నమ్మడం కష్టం కాదు. సారా కూడా నమ్మింది. పుట్టుకతో విశ్వాసి, నమ్మక ఏం చేస్తుంది?

ఇక సంఘంలో ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. ఒకామె పదేళ్ళుగా మాటల్లేని తోడికోడలి ఇంటికి వెళ్ళి, మెడ కావలించుకుని ఏడ్చి, అక్కడే భోంచేసి వచ్చింది. ఇంకొకాయన కొడుకు పెళ్ళికని దాచిన కొత్త పరుపు విప్పి, రోజంతా దాని మీదే దొర్లాడు. ఎత్తబడేవాళ్ళకు పరుపెందుకని అడిగిన పెళ్ళాన్ని, ఉన్న నాలుగు రోజులైనా నడుం వాల్చనీ అని కసిరాడట! సారాకు మాత్రం నడుం వాల్చడానికి ఏ రోజూ తీరలేదు. నడిమి గదిలో మంచం మీద అత్తగారు గవరమ్మ ఉంది మరి.

నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఆమెకు ఎడమ పక్క మొత్తం పడిపోయింది. నోరు మాత్రం పడిపోలేదు. గంజి తాగించాలి, ఒళ్ళు తుడవాలి, పుళ్ళు పడకుండా పూటకు రెండు మూడుసార్లు పక్కకు తిప్పాలి. అన్నీ సారాయే చేసింది. ఒక్కనాడూ “బాగుందే” అన్న మాట ఆమె నోట వినలేదు! ఎందుకంటారా... సారాను చేసుకోవడానికే రాజబాబు మతం మార్చుకున్నాడు. తన కొడుకును ఈ పిల్ల ఎగరేసుకుపోయిందని గవరమ్మ కడుపుమంట. పైగా కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మారినవాడికి పుట్టినవాళ్ళకన్నా భక్తి ఎక్కువైపోయింది.

ఆ గురువారం అతను తల్లి మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. “అమ్మా! నీ కాళ్ళు పట్టుకుంటాను... ఒక్క మాట అను చాలు. పాస్టరుగారిని పిలిచి బాప్తిస్మం ఇప్పిస్తాను. నువ్వు ఇక్కడ మిగిలిపోతే నేను అక్కడెలా ఉండగలనమ్మా!” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“నానొల్లనురా,” అంది గవరమ్మ. “మీ నాయన ఎక్కడుంటే నానూ అక్కడికే. ఆయన నరకంలో ఉన్నాడంతావా? మరయితే అక్కడే గెంజి కాసుకుంతాం.”

రాజబాబు కళ్ళు తుడుచుకుని లేచాడు. తల్లి మొండితనం దేవుడికే తెలుసునని, ఇక ఆయన చిత్తమని అన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ సారా మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఆయన చిత్తం సరే... కానీ ఆదివారం మనమంతా వెళ్ళిపోతే, సోమవారం పొద్దున్న ఈ ముసలమ్మకు గంజి ఎవరు తాగిస్తారు? ఎవరు పక్కకు తిప్పుతారు? అడిగితే భర్త కోప్పడ్డాడు. “పరలోకం వాకిట్లో నిలబడి గంజి గురించి ఆలోచిస్తావేమిటి!” అన్నాడు. గంజి సంగతి ఎన్నడూ ఆలోచించనక్కర లేనివాళ్ళు అలాగే అంటారు లెండి.

శుక్రవారం సారా పక్కింటి కనకలక్ష్మి దగ్గరకు వెళ్ళింది. అమ్మవారికి మొక్కుకునే మనిషి కనక, ఆమె ఎలాగూ ఇక్కడే ఉంటుంది. సంగతి విని కనకలక్ష్మి నోరు నొక్కుకుంది.

“అరే దీదీ, క్యా బాత్ హై! మీరంతా పైకెళ్ళిపోతే మీ కోళ్ళు నాకేనా?” అంది నవ్వుతూ. సారా ముఖం చూసి వెంటనే నవ్వు ఆపేసింది. “అయ్యో, ఏడవకు దీదీ. వస్తాను. ముసలామెని వదిలీస్తానా? ఎలా చెయ్యాలో చూపించు చాలు.”

సారా చూపించింది. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి, ముందు మోకాలు మడిచి ఆ తర్వాత ఒళ్ళు తిప్పాలి. కనకలక్ష్మి మంచిదే గానీ నడుం నొప్పి మనిషి. సగం ఎత్తి వదిలేసింది! గవరమ్మ చచ్చుబడిన చెయ్యి ఒంటి కింద నలిగిపోయింది. “ఓలమ్మో! సంపీసింది!” అని ముసలామె పెట్టిన కేకకు పెరట్లో కోళ్ళు చెదిరిపోయాయి. గంజి పట్టబోతే పళ్ళు బిగించుకుంది. చివరికి సారా చెంచా అందుకుంటే గాని నోరు తెరవలేదు. అలా తెరిచి, మింగి, కోడలి వంక చూసింది. ఆ చూపులో ఎప్పుడూ ఉండే కోపం లేదు. భయం ఉంది!

ఆ చూపుతో సారాకు తను ఏం చెయ్యాలో తేలిపోయింది. ఆ రోజంతా తల్లి దగ్గర నేర్చుకున్న కీర్తనలు పాడుకుంటూ పనులు చేసుకుంది. పాడుతున్నంతసేపూ కళ్ళు కారుతూనే ఉన్నాయి. పరలోకం కోసం చిన్నప్పటి నుంచి ఎదురుచూసింది. అక్కడ తన అమ్మ ఉంది, పురిట్లో పోయిన మొదటి బిడ్డ ఉంది... వాళ్ళను చూడాలని ఆమెకు ఎంత ఉండేదో!

ఆదివారం వచ్చింది. కొండ మీది మైదానంలో సంఘమంతా ప్రార్థనకు చేరుతున్నారు. రాజబాబు సిద్ధమయ్యాడు. తొమ్మిదో తరగతి చదివే కూతురు లవీనా తెల్ల గౌను తొడుక్కుని గుమ్మంలో నిలబడింది.

“ఇంకా ఆ పాత చీరేమిటి సారా? పద, పద!”

“నేను రావడం లేదండీ.”

రాజబాబుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. “నన్ను ఈ దారిలోకి తెచ్చిందే నువ్వు కదా! ఇప్పుడు నువ్వే ఆగిపోతావా? నీ విశ్వాసం ఇంతేనా సారా!”

“విశ్వాసం లేకపోతే మీతో వచ్చేసేదాన్నండీ!” అంది సారా ఏడుస్తూ. “కాసేపు ప్రార్థన చేసుకుని, పొద్దు గూకేసరికి తిరిగొచ్చి అత్తయ్యకు గంజి కాచేదాన్ని. ఇంక తిరిగి రానని నమ్మాను కనకే ఉండిపోతున్నాను...”

రాజబాబు వెళ్ళి చెప్పులు తొడుక్కున్నాడు. లవీనా తల్లి కొంగు పట్టుకుంది. “మమ్మీ, నువ్వెప్పుడొస్తావ్?” అని అడిగింది. “నువ్వు డాడీతో ముందు పద తల్లీ. నేను వెనకాలే వస్తాను,” అని సారా కూతురి నుదురు ముద్దుపెట్టుకుంది. అబద్ధమాడింది. ఇంక వేరే దారేముంది, మీరే చెప్పండి? ఇద్దరూ మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి, తలుపుకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

“ఓలే సారా!” నడిమి గదిలోంచి కేక. “సెంబుతో నీళ్ళు పట్టుకురాయే.”

తెచ్చింది. “నెత్తి మీద పోసీయి,” అంది గవరమ్మ.

“ఇప్పుడు స్నానమేమిటి అత్తయ్యా?”

“తానం కాదే... మీ మునకలు. పేరేటో నాకు రాదు. నానూ మీలో కలిసిపోతే నీకు అడ్డుండదు కదా. ఇద్దరం ఎల్లిపోదుం. బేగి పొయ్యి, పొద్దోతంది.”

సారా చెంబు కింద పెట్టింది. “మామయ్యగారి దగ్గరికే వెళ్తానన్నారు కదా అత్తయ్యా!”

“ఆ మనిసి ఓడ మీద పోయి నెలలకి నెలలు నాసేత ఎదురుసూయించినాడు. ఇప్పుడాయన్ని సూడనీ.”

“నమ్మకం లేకుండా చెల్లదు అత్తయ్యా... పాస్టరుగారే ముంచాలి. నేను పోస్తే కాదు.”

“నమ్మకమేటే! నాలుగేళ్ళు నీ సేతి గెంజి తాగి బతికినాను. నీ దేముడు సెడ్డోడయితే నువ్విలగుంతావేటి?” అంది గవరమ్మ. అంటూనే మంచి చెయ్యి చాచి కోడలి చెంప తడిమింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ చెయ్యి తనను ఇలా తాకడం అదే మొదలు! సారా ఆ చేతిలో ముఖం దాచుకుని కడుపులోదంతా ఏడ్చేసింది. చెంబులో నీళ్ళు చివరికి గవరమ్మ తాగేసింది.

ఎండ వాలి కొబ్బరి మట్టల మీదికి చేరిన వేళ వాకిట్లో అడుగుల చప్పుడైంది. రాజబాబు! చెమటతో తడిసిపోయి, రొప్పుతూ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

“ఏట్రా, అక్కడ జాగా నేదన్నారేటి?” అంది తల్లి.

అతను వచ్చి మంచం దగ్గర కూలబడ్డాడు. “కళ్ళు మూసుకుంటే పరలోకం కనబడటం లేదు సారా... నువ్వొక్కదానివే అమ్మను ఎత్తుతూ, దించుతూ... అదే కనబడుతోంది. నాకు తిప్పడం నేర్పు.”

సారా అతని వెనక్కి చూసింది. “పిల్లేదండీ?”

“పాస్టరమ్మగారి చేతిలో పెట్టి వచ్చాను. మమ్మీని తీసుకుని వచ్చేస్తానని దానికి చెప్పాను... అదైనా వెళ్ళనీ సారా!”

నమ్మకం పోయి వచ్చినవాడైతే పిల్లను వెంట తెచ్చుకునేవాడు. భర్త ఏం వదులుకుని వచ్చాడో సారాకు అప్పుడు తెలిసింది. ఇద్దరూ కలిసి ముసలామెను పక్కకు తిప్పారు. ఆ తర్వాత ఇద్దరూ నేల మీద పక్కపక్కన కూర్చుని, తమ ఒక్కగానొక్క కూతురు ఈ లోకం వదిలి వెళ్ళే క్షణం కోసం ఎదురుచూశారు. ఉన్నట్టుండి బూర మోగింది! సారా భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. రాజబాబు ఒక్క క్షణం చెవి పెట్టి విన్నాడు. “మా ఫెర్రీయే,” అన్నాడు మెల్లగా.

వెలుతురు పోయింది. కొండ మీది పాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఏ మేఘమూ విచ్చుకోలేదు. పక్కింట్లో కుక్కరు కూత వేసింది. అప్పటికి గాని లోకం ఎక్కడిదక్కడే ఉందని వాళ్ళకు తట్టలేదు. కాసేపటికి దారి పొడవునా టార్చిలైట్లు కిందికి దిగడం మొదలైంది. సారా వాకిట్లోకి పరుగెత్తింది. తెల్ల గౌను కనిపించగానే “నా తల్లీ! వచ్చేశావా!” అని చేతులు చాచింది.

లవీనా ఆ చేతుల్లోకి రాలేదు. దూరంగానే ఆగింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి ఉంది.

“నువ్వు వెనకాలే వస్తానన్నావ్. డాడీ నిన్ను తెస్తానని వెళ్ళిపోయాడు. అందరూ పైకి చూస్తూ పాటలు పాడుతున్నారు మమ్మీ... నేనొక్కదాన్నే రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. నాకు తెలిసిపోయింది, మీరిద్దరూ రారని! నానమ్మ కోసం మీరిద్దరూ ఉండిపోయారు. మరి నాకెవరు? అక్కడ నన్నొక్కదాన్నే పంపించేద్దామనుకున్నారా?”

సారా చాచిన చేతులు దించేసింది. అత్తయ్యకు సోమవారం ఎలా గడుస్తుందా అని వారమంతా కుమిలిపోయిందే... ఆదివారం ఆ కొండ మీద తన కన్నబిడ్డకు ఎలా గడుస్తుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు! మంచి చోటికి పంపుతున్నానని అనుకుందే గానీ, ఒంటరిగా పంపుతున్నానని తోచనే లేదు. ఎవరి మీద నెపం పెట్టగలదు? తనూ భర్తా ఇద్దరూ మంచికే చేశారు.

“గుంటకి ఆకలేస్తాది. ముందు కూడెట్టండి,” అని లోపల్నుంచి గవరమ్మ అరిచింది.

లవీనా తల్లినీ తండ్రినీ దాటుకుని వెళ్ళి నానమ్మ మంచం కోడు దగ్గర కూర్చుంది. సారా కంచంలో అన్నం కలిపి తెచ్చి ముద్ద అందించింది. పిల్ల చాలాసేపు ముఖం తిప్పుకుని, చివరికి నోరు తెరిచింది. నాలుగు ముద్దలు తిన్నాక, తల్లి వైపు చూడకుండానే అంది.

“మమ్మీ, మళ్ళీ ఎప్పుడైనా లోకం అంతమైతే... నన్ను కూడా ఇక్కడే ఉంచుకో.”

“ఉంచుకుంటాను తల్లీ,” అంది సారా.